నమూనా వెంట్రుకలు

చెక్క దువ్వెనకి రెండు చుక్కల కొబ్బరినూనె పట్టించి, పొడుగు సవరం ముడిని కాలి బొటనవేలికి తగిలించుకుని చిక్కు తీస్తున్నాను. పొద్దుటెండ వెనక వసారాలోకి ఏటవాలుగా పడుతోంది. గోడ మేకులకి వేలాడుతున్న మిగతా సవరాలు ఆ ఎండలో ఒక్కొక్కటీ ఒక్కో రంగుగా కనిపిస్తున్నాయి. నీడలో అన్నీ నలుపే. ఎండ పడితేనే ఏది ఎర్ర నలుపో, ఏది నీలి నలుపో తెలుస్తుంది.

"కానీ, కానీ. బస్సు మన కోసం ఆగదు," అన్నారు మా ఆయన, నమూనాల పెట్టె మూత తుడుస్తూ.

ఆయన రాజమండ్రిలో ఒక సవరాల కంపెనీకి కోనసీమ ఏజెంటు. సవరాలు, జడకుప్పెలు, పిన్నులు పెట్టెలో సర్దుకుని అమలాపురం నుంచి అటు రాజోలు దాకా, ఇటు కాట్రేనికోన దాకా తిరుగుతారు. బస్సుల్లో దుమ్ముకి, ఉప్పుగాలికి నమూనాలు బిరుసెక్కుతాయి. రోజూ పొద్దున్నే వాటికి నూనె రాసి దువ్వడం నా పని. ఊళ్ళకి ఆయనతోబాటు వెళ్ళడం కూడా నా పనే. పరాయి మగవాడి ముందు ఆడవాళ్ళు జడ విప్పరు కదా. ఆయన వీధరుగు మీద కూర్చుని, మొహం వీధివైపు పెట్టుకుని, లోపలికి వినబడేలా సరుకు గురించి చెబుతారు. నేను నమూనాలు పట్టుకుని లోపలికి వెళ్ళి, ఒక్కొక్కటీ వాళ్ళ జడ పక్కన పెట్టి చూస్తాను. నమూనాల్లో ఏదీ సరిపోకపోతే, ఆవిడ తలలోంచే నాలుగు వెంట్రుకలు తీసి, తెల్లదారంతో కట్టి కంపెనీకి పంపుతాం. వాటి రంగుకి సరిపడే జుట్టు ఏరి వాళ్ళు సవరం కట్టి పంపుతారు.

ఆ రోజు కాట్రేనికోనలో ముందుగా వీరాయమ్మ ఇంటికి వెళ్ళాం. మేం వస్తే ఆ వీధి ఆడవాళ్ళందరూ అక్కడికే చేరతారు.

"మీసాలున్న మొగోడివి, జడలమ్ముకుంటా తిరుగుతావేటయ్యా మాణిక్యాలరావూ?" అంది వీరాయమ్మ, లోపలి గది నుంచే.

"మీసాలమ్ముదావంటే ఎవరూ కొనట్లేదండి," అన్నారు మా ఆయన వీధిలోకి చూస్తూనే.

"గుర్రం తోక కలుపుతారంట కదా ఇందులో?"

"కలిపితే మీరు మీ ఆయన కన్నా ముందు పరిగెత్తేవారండి. కొండ మీద వేలంపాటలో కొన్న తలనీలాలండీ ఇవి. కోసిన జుట్టు. చిక్కుజుట్టు ఏరి కట్టే బేరం కాదు మాది."

లోపల అందరూ నవ్వేరు. ఆయన చెప్పింది నిజమే. నాసిరకం సవరాలు, దువ్వినప్పుడు ఊడిన జుట్టుతో కడతారు. అందులో కుదుళ్ళూ చివళ్ళూ అటూ ఇటూ కలిసిపోయి, నాలుగు రోజులకే పిచ్చికగూడు అవుతుంది. మా సరుకు కత్తితో తీసిన జుట్టు. దువ్వెనకి వెంట్రుక తగులుకున్నా దాని కొసన కుదురు ఉండదు. ఊడిన వెంట్రుకకైతే కొసన తెల్లగా, ఆవగింజలో సగమంత కుదురు ఉంటుంది. నేను ఇన్నాళ్ళుగా దువ్వుతున్నాను. నాకు మునివేళ్ళకే తెలిసిపోతుంది.

పెట్టె సర్దుతుంటే వీరాయమ్మ గొంతు తగ్గించి, "చివరింటి అప్పాయమ్మ మిమ్మల్ని ఓసారి రమ్మందమ్మా. సవరం కావాలంట," అంది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఎందుకో వీధి చివరకి నడుస్తున్నప్పుడు మా ఆయన చెప్పేరు. మూడేళ్ళ కిందటి పెద్ద వరదలో, ఏటి మధ్య లంకలో కట్టేసిన దూడని తోలుకురావడానికి అప్పాయమ్మగారి కూతురు రత్నమాల నావ ఎక్కింది. నావ దొరికింది. దూడా దొరికింది. పిల్ల దొరకలేదు.

ఆ ఇల్లు తాటాకుల ఇల్లు. అప్పాయమ్మగారి భర్త వెంకటస్వామిగారు అరుగు మీద నులక పేనుతున్నారు. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను లోపలికి వెళ్ళాను. అప్పాయమ్మగారిది పల్చటి ముడి, సగం నెరిసింది. నెరిసిన జుట్టు నమూనా ఒకటి మా దగ్గర ఉంది. అది తీయబోయాను.

"అది కాదమ్మాయ్," అని ఆవిడ లేచి, గుమ్మం పక్కన చూరులోకి చెయ్యి పెట్టి వెతికింది. తాటాకుల సందులోంచి చిన్న జుట్టు ఉండ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. మా వైపు ఆడపిల్లలందరూ దువ్వుకోగా ఊడినదాన్ని వేలికి చుట్టి అలాగే చూరులో దోపుతారు. ఎగిరి అన్నంలో పడకూడదని, ఎవరి కాలికిందా పడకూడదని.

ఉండ విప్పి వెలుతురులో చూశాను. మొదట్లో నల్లగా ఉండి, పోనుపోను చివర రాగిరంగుకి తిరిగింది.

"ఇది మీది కాదు కదండీ పిన్నిగారూ," అన్నాను.

"మా రత్నమాలదమ్మా. ఎప్పుడూ ఏట్లోనే ఉండేది. ఉప్పునీళ్ళకి చివర్లు ఎర్రబారిపోయేవి. ఎంత తిట్టినా వినేది కాదు."

బయట వెంకటస్వామిగారు మా ఆయనతో చెబుతున్నది లోపలికి వినిపిస్తోంది. "పుష్కరాలొచ్చేస్తున్నాయి కదండీ. పుష్కరంలో పిల్ల పేరున పిండం పెడదామంటే, ముందు కర్మ జరగాలంటున్నారు శాస్త్రిగారు. ఒళ్ళు దొరకలేదు కాబట్టి బొమ్మ కట్టి దహనం చెయ్యాలంట. వచ్చే అమావాస్యకి పెట్టుకున్నావండి."

అప్పాయమ్మగారు ఆ మాటలు వింటూ నా చేతిలో ఉండ వైపే చూస్తోంది. "మోదుగాకులతో బొమ్మ కడతారంట," అంది. "తల చోట కొబ్బరికాయ పెడతారంట. పీచు తీసి. నున్నగా. దాని తల అలాగుండేదా చెప్పు? పీట మీద కూచుంటే జడ నేలకి తగిలేది. బోడితలతో పంపిస్తానా దాన్ని. సవరం కట్టించి తెమ్మన్నాను. కాల్చేదానికెందుకంటారు మీ బాబాయిగారు. నేనూరుకోలేదు."

నేను నాలుగు వెంట్రుకలు ఏరి దారం కట్టాను. మిగతా ఉండని ఆవిడ మళ్ళీ చూరులో దోపి, అక్కడే నిలబడిపోయింది.

"ఒకటడుగుతాను చెప్తావా అమ్మాయ్," అంది అటు తిరిగే. "బతికున్నదాన్ని, పోయిందనుకుని బొమ్మ కట్టి కాల్చేస్తే ఏమవుద్దంటావు?"

నేను నమూనా దారం ముడి ఇంకోసారి బిగించేను.

"పోయిందని ఎవరన్నా వచ్చి గట్టిగా చెప్తే ఏడ్చి ఊరుకుంటాను. ఉందని చెప్తే ఎన్నాళ్ళయినా కాసుకుని కూచుంటాను. ఎవరూ ఏదీ చెప్పరు. ఆయనకి పుష్కరం దాటిపోద్దని భయం. నాకేమో ఆ నిప్పు ఎక్కడ తగులుతుందోనని భయం."

తిరుగు బస్సులో మా ఆయన నమూనాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముమ్మిడివరం దాటేక, "పెళ్ళికూతుళ్ళకి అమ్మేను, పేరంటాళ్ళకి అమ్మేను. నిప్పులో వెయ్యడానికి అమ్మడం ఇదే," అన్నారు. పెట్టె ఒళ్ళో నుంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు.

నమూనా వెంట్రుకలు కంపెనీకి పంపేం. వారం తిరక్కుండానే వెనక్కొచ్చాయి. అలాంటి రంగు తమ దగ్గర లేదని, ఉన్నా అలా కట్టడం కుదరదని కబురు చేసేరు. మొదలు నలుపూ చివర రాగీ కావాలంటే జుట్టంతా ఒక్క తలదే కావాలి. వాళ్ళ దగ్గర గుట్టలు గుట్టలుగా ఉన్నది వందల తలల జుట్టు. మా ఆయన ఊరట పడ్డట్టే కనిపించేరు. "మంచిదేలే. నల్లది ఏదో ఒకటి ఇచ్చేద్దాం. కాలిపోయేక అన్నీ ఒకటే," అన్నారు. నేను నమూనా వెంట్రుకల్ని మేకుల పక్కన గూట్లో పెట్టేను.

తరవాత రెండు రోజులకేమో, బస్సు క్లీనరు ఒక పార్సెలు తెచ్చి అరుగు మీద పెట్టి పోయేడు. దాని మీద మా ఆయన పేరు ఉంది. లోపల బిల్లు లేదు, చీటీ లేదు. ఒక్క సవరం ఉంది. కట్టిన కాగితం అడుగుభాగం తడిసి మెత్తబడి ఉంది. వేసవి నడుస్తోంది. చినుకు పడి నెలలయింది. కాలవలకి నీళ్ళు కట్టేసి, మా దొడ్డి వెనక కాలవలో బురద కూడా ఎండి బీటలు తీసింది.

"ఎలాగో కుదిర్చేరు గట్టివాళ్ళు," అన్నారు మా ఆయన. నేను గూట్లోంచి నమూనా వెంట్రుకలు తెద్దామని వెళ్ళేను. దారం ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. ముడిలో వెంట్రుకలు లేవు.

సవరాన్ని ఎండలోకి తెచ్చి చూసేం. మొదట నలుపు, చివర రాగి. ఎక్కడ మారిందో గీత గీసి చెప్పలేనంత మెల్లగా మారింది. చేత్తో పట్టుకుంటే మిగతా సవరాల్లా తేలిగ్గా లేదు. మేకులన్నిటికీ చివర, రుబ్బురోలు పైన ఉన్న మేకుకి తగిలించేను. చివర్లు రోలుకి బెత్తెడు పైన ఆగేయి.

మర్నాడు పొద్దున్న దాన్ని తీసి దువ్వేను. దువ్వెనకి నాలుగైదు వెంట్రుకలు వచ్చేయి. మామూలుగా వేలికి చుట్టబోయి ఆగేను. వేలికి మెత్తగా ఏదో తగిలింది. ఎండలో పెట్టి చూసేను. ప్రతి వెంట్రుక కొసనా కుదురు ఉంది.

"చిక్కుజుట్టు కలిపేసేరు దొంగవెధవలు," అన్నారు మా ఆయన, చూపిస్తే.

"చిక్కుజుట్టయితే కుదుళ్ళు ఎండిపోయి ఉంటాయండి. ఇవి తడిగా ఉన్నాయి," అన్నాను.

"నూనె రాసేవు కదా."

నూనె ఇంకా రాయలేదు. ఆ మాట అనలేదు నేను. చుట్టిన వెంట్రుకలు పారెయ్యబుద్ధి కాలేదు. మాది పెంకుటిల్లు. వసారా వాసానికీ పెంకుకీ మధ్య సందులో దోపేను.

ఆ తరవాత రోజూ అంతే. మిగతా సవరాలన్నీ దువ్వి, చివరకి దాని దగ్గరికి వచ్చేదాన్ని. దువ్వెన పెడితే, ఎవరో తల కాస్త వెనక్కి వాల్చినట్టు బరువు తెలిసేది. చిక్కు దగ్గర గట్టిగా లాగితే, సవరం నా కాలివేలి నుంచి అటు బిగిసేది. నొప్పి పుట్టినవాళ్ళు తల లాక్కున్నట్టు. నేను దువ్వెన మెల్లగా ఆడించడం అలవాటు చేసుకున్నాను. మేకు కింద సున్నం గోడ చెమ్మగిల్లి, పొడుగ్గా ఒక మరక దిగింది. వసారాలో వరదనీటి వాసన వేసేది. ఎర్రమట్టి, కుళ్ళిన గడ్డి, పచ్చికర్ర కలిసిన వాసన. వరదొచ్చిన ఏడు మా గుమ్మాల దాకా వచ్చిన నీళ్ళు తీసేక నెల్లాళ్ళు వదలని వాసన అది. మరిచిపోయే వాసన కాదు.

ఒక పొద్దున్న రుబ్బుదామని రోలు దగ్గర కూర్చున్నాను. నా భుజం మీద ఏదో రాసుకుంది. సవరం చివర్లు. లేచి చూస్తే అవి రోలు అంచు దాటి కిందికి ఉన్నాయి. మేకు అదే. రోలు జరపలేదు.

మా ఆయన్ని పిలిచి చూపించేను. ఆయన రోలు అంచు తడిమి చూసి, "జుట్టు చెమ్మకి సాగుద్ది," అన్నారు. ఆ రోజే సవరాన్ని నమూనాల పెట్టెలో పెట్టుకుని రాజమండ్రి వెళ్ళేరు.

పొద్దు గుంకకుండానే తిరిగొచ్చేరు. కాళ్ళు కడుక్కోకుండానే వసారాలోకి వచ్చి పెట్టె నేల మీద పెట్టేరు. మూత తీస్తే లోపల అన్నీ తడిసిపోయి ఉన్నాయి. కుప్పెలకి వేలాడే పట్టుకుచ్చులు రంగు దిగి పెట్టె అడుగున ఎర్రటి నీళ్ళు చేరేయి.

"మేం పంపలేదంటున్నారు," అన్నారు. "పార్సెలే కట్టలేదంటున్నారు. రాహేలమ్మగారని, సవరాలు కట్టడంలో అందరికన్నా పెద్దావిడ ఉంది. ఆవిడకి చూపించేను. చేతిలోకి తీసుకోమంటే తీసుకోలేదు. దూరం నుంచే చూసి, ఇది నా చేతి ముడి కాదు బాబూ, మా దగ్గర ఎవరి ముడీ కాదు, ఆడపిల్ల తలంటుకున్నాక జుట్టు ఆరడానికి వదులుగా వేసుకునే ముడిలాగుంది అంది. ఇంకోమాట అంది."

"ఏవందండీ?"

"తడిజుట్టు పెట్టెలో ఎందుకు పెట్టేరు, పిల్లకి జలుబు చేస్తుంది అంది. అనేసి ఆవిడే బెదిరిపోయింది, ఏమన్నానో అని."

మేం ఇద్దరం సవరం వైపు చూడలేదు. తడిసిన కుచ్చులు పిండుతూ ఆయనే అన్నారు. "అమావాస్య ఎల్లుండే. రేపు పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను. వాళ్ళు కాల్చేస్తారు. దాంతో సరి. నువ్వు మాత్రం ఆవిడతో ఏం అనకు. అసలే తల్లి."

నేను సరేనన్నాను. దాన్ని మళ్ళీ మేకుకి తగిలించేను. కాల్చేస్తారన్న మాట విన్నాక, ఏం కాలుతుందో అనే ఆలోచన నన్ను వదల్లేదు.

మర్నాడు ఆయన బయల్దేరక ముందే వాళ్ళే వచ్చేరు. అప్పాయమ్మగారూ, వెంకటస్వామిగారూ. మోదుగాకులకని అమలాపురం బజారుకి వచ్చి, సవరం కూడా తీసుకుపోదామని వచ్చేరట. ఆకుల కట్ట గోడకి ఆనించి ఉంది. మగవాళ్ళిద్దరూ వీధరుగు మీద కూర్చున్నారు. అప్పాయమ్మగారు వసారాలోకి వచ్చింది. అన్ని మేకుల మీద అన్ని సవరాలు ఉన్నాయి. ఏదని అడగలేదు. తిన్నగా చివరి మేకు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

చెయ్యి పెట్టలేదు. ముక్కు దానికి దగ్గరగా పెట్టి వాసన చూసింది.

"దువ్వెనియ్యి అమ్మాయ్," అంది.

ఇచ్చేను. ఆవిడ నేల మీద కూర్చుని, సవరాన్ని నాలాగ కాలికి తగిలించుకోలేదు. ముడిని మోకాలి మీద ఆనించుకుని, ఎడమచేత్తో దాని పైన అదిమి పట్టింది. ముందు పీట మీద కూర్చున్న పిల్ల తల పట్టుకున్నట్టే. చివర్ల నుంచి మొదలుపెట్టి పైపైకి దువ్వుతూ వచ్చింది. చిక్కు దగ్గర ఆగి, "కదలకు," అంది మెల్లగా. నాతో కాదు.

దువ్వెనకి వెంట్రుకలు వచ్చేయి. ఆవిడ వాటిని అలవాటుగా లాగి వేలికి చుట్టబోయింది. చుట్టబోయిన వేలు ఆగిపోయింది. ఒక వెంట్రుకని విడదీసి, రెండు వేళ్ళ మధ్య నుంచి కొసదాకా జార్చింది. కొస దగ్గర వేళ్ళు ఆగేయి. తల ఎత్తి నా వైపు చూసింది.

వీధిలోంచి మా ఆయన దగ్గు వినిపించింది. ఏం అనకు అన్న మాట నాకు జ్ఞాపకం ఉంది.

"రోజూ ఇలాగే ఊడుతోందా?" అంది అప్పాయమ్మగారు.

ఆవిడ చేతిలో వెంట్రుక ఎండకి మెరుస్తోంది. కాట్రేనికోనలో ఆవిడ నన్ను ఒక ప్రశ్న అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

"ఆయ్. రోజూ అండీ," అన్నాను.

"కుదురుతోటే?"

"కుదురుతోటేనండి."

"వేసవిలో దానికి బాగా ఊడేది. నూనె తక్కువయ్యేది," అంది. నేను రోలు వైపు చూపించేను.

"ఇక్కడికి పైన ఉండేవండి పిన్నిగారూ, వచ్చిన రోజున. బెత్తెడు పైన."

ఆవిడ రోలు అంచు చూసింది. తన మోకాలి నుంచి నేల మీద పరుచుకున్న చివర్లు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అరచేతిలో నూనె పోయించుకుని, మొదట్నుంచి చివరదాకా నింపాదిగా రాసింది. మూడు పాయలు తీసి జడ వెయ్యడం మొదలుపెట్టి, ఏమనుకుందో మళ్ళీ విప్పేసి, ఆరడానికన్నట్టు వదులుగా వదిలేసింది.

"అయ్యిందా? ఎండెక్కిపోతంది. అవతల బొమ్మ కట్టడానికి శాస్త్రిగారు కాసుకుని ఉంటారు," వెంకటస్వామిగారు వీధిలోంచి కేకేసేరు.

"వస్తారులెండి. ఆడవాళ్ళు జుట్టు ముందు కూచుంటే లేవరండి," అంటున్నారు మా ఆయన. ఆయన గొంతులో రోజూ సరుకమ్మే హుషారు తెచ్చిపెట్టుకున్నట్టుంది.

అప్పాయమ్మగారు లేచింది. సవరాన్ని తనే మేకుకి తగిలించింది. గోడ చెమ్మ మీద చివర్లు పడేలా సరిచేసింది. తరవాత ఊడిన వెంట్రుకల్ని వేలికి చుట్టి ఉండ చేసి, మా పెంకుల వైపు ఒకసారి చూసింది. అక్కడ సందులో నేను దోపినవన్నీ వరసగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు చూసింది. చేతిలో ఉండని మాత్రం ఎక్కడా దోపలేదు. రొంటిన దోపుకుంది.

వీధి గుమ్మం వైపు వెళుతుందని తలుపు తీయబోయాను. ఆవిడ అటు తిరగలేదు. వసారా మెట్లు దిగి, అంటుగిన్నెలు దాటుకుని దొడ్డి తలుపు గడియ తీసింది. దాని అవతల ఎండిన కాలవ. ఆ కాలవలో దిగి నడుస్తూ పోతే ఏటికి చేరుతుంది. అటువైపు ఇళ్ళు లేవు, బస్సు లేదు.

వీధరుగు మీద వెంకటస్వామిగారు మోదుగాకులు వాడిపోతాయంటున్నారు. నా వెనక మేకు మీంచి ఒక చుక్క రోట్లో పడింది. అప్పాయమ్మగారు చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి, లోతు చూసుకునేవాళ్ళలా ముందు ఒక కాలు పెట్టి, నీళ్ళు లేని కాలవలోకి దిగి, ఏటి వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.